రాగిరేకులపై కోటలు

ఓరుగల్లు కోటను చూడవచ్చిన యాత్రికుడు తూర్పు ద్వారముచెంత నిలిచి తలయెత్తి చూచును. ఎదుట బూడిదవన్నె రాతిగోడయు, దానినుండి ముందునకు పొడుచుకొనివచ్చిన బురుజులును, గోడవెంబడి అగడ్తయు కానవచ్చును. కాని యతడు చూచునది కోటలో ఒక తునుక మాత్రమే. ఉత్తరపు గోడ యెట్లున్నదో, పడమటి ద్వార మెచ్చట నున్నదో నిలిచిన తావునుండి తెలియదు. కాగు అంచుపై ప్రాకు చీమకు కాగు రూపము తెలియనట్లే, గోడ నానుకొని నిలిచినవానికి కోట రూపము తెలియదు. ఓరుగల్లు కోట చక్రమువలె గుండ్రనిదను సంగతి ప్రాకారము చుట్టు తిరిగివచ్చినవానికో, ఆకాశమునుండి చూచువానికో, పటము చేతబట్టినవానికో మాత్రమే తెలియును.

కోటను ఒక్క చూపులో చూపు పటమునకు గొప్ప శక్తి కలదు. ఆ శక్తి యెట్టిదో ఐరోపా ఖండమువారు, విశేషించి ఫ్రాన్సు దేశస్థులు, చక్కగా నెరిగిరి. 16, 17 శతాబ్దులలో ఫ్రాన్సునందలి ప్రాకార నగరముల రూపములను నేర్పరులైన శిల్పులు రాగిరేకులపై చెక్కి, కాగితములపై అచ్చొత్తిరి. ఆ యచ్చుబొమ్మలు నేటికిని గ్రంథాలయములందును, ప్రదర్శనశాలలందును భద్రముగా నున్నవి. వానిని చదువుట నేర్చినవానికి ఓరుగల్లు కోటను చదువుటయు సులభమగును.

అట్టి పటములు గల గ్రంథములలో మిక్కిలి పేరొందినది జర్మనీ దేశమునందలి కొలోన్ నగరమున 1572లో వెలువడ నారంభించెను. జార్జ్ బ్రౌన్ అను మతాచార్యుడు దానికి వివరణము వ్రాసెను. ఫ్రాన్జ్ హోగెన్‌బెర్గ్ అను శిల్పి రేకులను చెక్కెను. 1617 నాటికి ఆ గ్రంథము ఆరు సంపుటములయ్యెను. అందు 500కు పైగా నగర దృశ్యములు కలవు. ఫ్రాన్సు దేశపు పారిస్, లియోన్ నగరములును అందు చోటు చేసికొన్నవి.

తరువాత ఫ్రాన్సు నగరములకే ప్రత్యేకముగా గ్రంథములు వెలసినవి. 1634లో నికొలా తాసాన్ అనునతడు ఆ దేశపు ముఖ్య పట్టణముల పటములను ప్రకటించెను. నాలుగవ హెన్రీ రాజు కొలువున నున్న క్లోద్ షాతియోన్ అను ఇంజనీరు దేశమంతట తిరిగి కోటలను, నగరములను చిత్రించెను. అతని చిత్రములు అతడు మరణించిన పిమ్మట 1641లో గ్రంథరూపము దాల్చినవి. స్విట్జర్లాండునందలి బాసెల్ నగరమున 1593లో జన్మించిన మాత్యూస్ మేరియన్ ఫ్రాంక్‌ఫర్టున స్థిరపడి నగర చిత్రములను చెక్కుటలో అసమానుడని కీర్తి గాంచెను. అతడు 1650లో గతింపగా, అతని కుమారులు ఆ పని విడువక, 1655 మొదలు 1661 వరకు ఫ్రాన్సు పట్టణముల సంపుటములను వెలువరించిరి.

ఈ పటములు మూడు తెఱగులుగా నుండును. మొదటిది నగరమును దూరమునుండి, ఎదుట నిలిచి చూచినట్లు గీసినది. అందు కోటగోడలు, గోపురములు, ఇండ్ల కప్పులు ఒక వరుసగా ఆకాశమునకు ఎదురుగా కానవచ్చును. రెండవది పక్షి పైనుండి చూచినట్లు గీసినది. అందు వీథులు, అంగళ్లు, దేవాలయములు, తోటలు అన్నియు ఒక్కమాఱు కనబడును. మూడవది ఇండ్లను విడిచి, గోడల గీతలను మాత్రమే చూపునది. మొదటిది బాటసారి చూపు, రెండవది పక్షి చూపు, మూడవది సేనాపతి చూపు అని చెప్పవచ్చును.

పక్షి చూపును మానవు డెట్లు సాధించెనను సందేహము కలుగును. ఆ కాలమున విమానములు లేవు. వేడిగాలి బుడగలో మానవుడు మొదటిసారి ఆకాశమునకు లేచినది 1783లో. అదియు పారిస్ నగరముననే. అంతకు నూరు, రెండు నూర్ల యేండ్లకు ముందే ఈ చిత్రకారులు ఆకాశమునుండి చూచినట్లు నగరములను గీసిరి. వారికి రెక్కలు లేవు, కాళ్లు మాత్రము కలవు. వారు వీథివీథి తిరిగి అడుగులతోను, త్రాళ్లతోను దూరములను కొలిచిరి. ఎత్తైన గంటగోపురము లెక్కి దిక్కులను, కోణములను గుర్తించిరి. ఆ కొలతలతో ముందు నేలపటము గీసి, దానిని ఏటవాలుగా వాల్చి, ఒక్కొక్క ఇంటిని దానిదాని తావున నిలువబెట్టిరి. కంటితో చూడజాలని దానిని లెక్కతో చూచిరి.

చిత్రము సిద్ధమైన పిమ్మట చెక్కడపు పని మొదలగును. నున్నగా సానబట్టిన రాగిరేకుపై శిల్పి సన్నని ఉక్కు ఉలితో గీతలను తవ్వును. గీత లోతుగా నున్నచో అచ్చున నల్లగా పడును; పైపైని గీసినచో పలుచగా పడును. నీడ చూపవలసిన చోట గీతలను దగ్గరదగ్గరగా, ఒకదానిపై నొకటి అడ్డముగా చెక్కును. తరువాత రేకంతట మసి పూసి, పైభాగమును గుడ్డతో తుడిచివేయుదురు. మసి గీతలలో మాత్రమే నిలిచియుండును. తడిపిన కాగితమును రేకుపై పఱచి, బరువైన రెండు రోలర్లనడుమ నొక్కి తీసినచో, గీతలలోని మసి కాగితమున కంటుకొనును. ఒక్క రేకునుండి ఇట్లు వందలకొలది ప్రతులు తీయవచ్చును.

ఇందొక చిక్కు కలదు. రేకుపై కుడివైపున నున్నది కాగితముపై ఎడమవైపునకు వచ్చును. కావున శిల్పి నగరమంతటిని తారుమారుగా చెక్కవలెను. పేర్లను సైతము వెనుకనుండి ముందునకు, అద్దములో చూచినట్లు చెక్కవలెను. ఒక్క గీత తప్పినచో ఆ తావున రేకును గీకి, వెనుకనుండి మెల్లగా కొట్టి, మరల సానబట్టవలెను. ఒక పెద్ద నగరము రేకునకు ఎక్కవలెనన్న శిల్పికి ఎంత ఓర్పు కావలెనో దీనివలన ఊహింపవచ్చును.

రాగిరేకును ఉలితో చెక్కుట తెలుగుదేశమున క్రొత్త విద్య కాదు. తూర్పు చాళుక్యుల కాలముననే రాజులు తామొసగిన దానములను రాగిరేకులపై చెక్కించి, ఆ రేకులను కడియమున గ్రుచ్చి, దానిపై రాజముద్ర వేయించెడివారు. లోహ మదియే, ఉలియు అట్టిదే, చెక్కువాని నేర్పును అంతటిదే. కాని ఆ రేకులపై మసి పూసి కాగితమున కద్దవలెనను తలపు ఇచ్చట పుట్టలేదు. శాసనమును చూడగోరువాడు రేకున్న తావునకే పోవలెను. అచ్చుబొమ్మ యట్లు గాక తానే ఊరూరు తిరుగును. ఈ యొక్క భేదమువలన ఫ్రాన్సునందలి చిన్న పట్టణముల రూపములు సైతము లోకమున నిలిచినవి. ఓరుగల్లువంటి మహానగరపు నాటి రూపము నిలువలేదు.

నగరపటము లోకమంతట తిరుగుట మేలేనా యను ప్రశ్న ఆనాడే పుట్టెను. బ్రౌన్ తన గ్రంథమునందలి పటముల ముందుభాగమున ఆయా దేశముల స్త్రీపురుషుల బొమ్మలను వేయించెను. ఆనాడు ఐరోపా రాజులతో పోరాడుచున్న తురుష్క సేనానులు మనుష్యాకృతులు గల చిత్రములను చేతబట్టరనియు, కావున ఈ పటములు వారి యుద్ధములకు అక్కఱకు రావనియు అతడు చెప్పుకొనెను. ఆ కాపుదల యెంతవరకు పనిచేసెడిదో చెప్పుట కష్టము. కాని పటము శత్రువు చేతబడినచో నగరమునకు కీడు కలుగునను భయ మతనికి కలదని దీనివలన స్పష్టమగుచున్నది.

ఆ భయము కారణము లేనిది కాదు. ఈ పటములను కాలక్రమమున వరుసగా పేర్చి చూచినచో, కోటల ఆకారమే మారుచుండుట కనబడును. పాత పటములలో గోడలు ఎత్తైనవి, సన్ననివి, బురుజులు గుండ్రనివి. క్రొత్త పటములలో గోడలు పొట్టివి, వెడల్పైనవి. నగరము చుట్టు నక్షత్రపు కొనలవంటి మూలలు పొడుచుకొని వచ్చినవి. ఈ మార్పునకు కారణము ఫిరంగి. 1494లో ఫ్రాన్సు రాజు ఎనిమిదవ చార్లెస్ ఫిరంగులతో ఇటలీపై దండెత్తినపుడు, శతాబ్దులుగా నిలిచిన ఎత్తైన రాతిగోడలు స్వల్పకాలముననే కూలినవి. ఎత్తైన గోడ నిచ్చెనలు వేయువానికి కష్టము. ఫిరంగికి మాత్రము చక్కని గుఱి. అప్పుడు ఇటలీ ఇంజనీరులు ఆలోచించి, గోడను తగ్గించి, దాని వెనుక మట్టిని దట్టముగా పోసిరి. రాయి దెబ్బకు పగులును. మట్టి గుండును తనలో నిముడ్చుకొనును.

గుండ్రని బురుజునకు మఱియొక లోపము కలదు. దాని ముందుభాగమున, సరిగా మొదట, ప్రక్క బురుజులనుండి కాల్చువారికి కనబడని చిన్న తావు మిగులును. శత్రువు అచ్చటికి చేరినచో సురక్షితముగా గోడను తవ్వుకొనవచ్చును. బురుజును బాణపు ములికివలె కోణముగా కట్టినచో అట్టి తావు మిగులదు. ప్రతి బురుజు తన ప్రక్క బురుజును కాపాడును. నక్షత్రాకారపు కోటలలోని మర్మ మిదియే. చూచుటకు అది ముగ్గువలె నుండును. నిజమునకు అది లెక్క.

ఈ విద్యలో అగ్రగణ్యుడు వోబాన్. 1633లో జన్మించిన ఇతడు పదునాలుగవ లూయీ రాజు సేనలో ఇంజనీరుగా పనిచేసి, ఫ్రాన్సు సరిహద్దుల వెంబడి నూరుకు పైగా కోటలను క్రొత్తగా కట్టించుటయో, బాగుచేయించుటయో గావించెను. 1703లో అతనికి మార్షల్ పదవి లభించెను. 1707లో అతడు మరణించెను. జర్మనీ సరిహద్దున నున్న నఫ్ బ్రిజాక్ పట్టణము అతని కడపటి గొప్ప కట్టడము. 1697 నాటి సంధివలన రైన్ నదికి ఆవలనున్న బ్రిజాక్ కోటను ఫ్రాన్సు కోల్పోగా, ఈవలి యొడ్డున అష్టభుజాకారముగా ఈ క్రొత్త పట్టణము నిర్మింపబడెను. నడుమ చతురస్రమైన మైదానము, దానిచుట్టు తిన్నని వీథులు, వీథులచుట్టు నక్షత్రమువంటి గోడలు. ఆ గోడలు నేటికిని నిలిచియున్నవి. వోబాన్ కోటలలో 12 స్థలములను యునెస్కో సంస్థ 2008లో ప్రపంచ వారసత్వ స్థలములుగా గుర్తించెను.

పదునాలుగవ లూయీ రాజునకు కాగితపు పటములు చాలవయ్యెను. 1668 మొదలు సరిహద్దు కోటల నమూనాలను కొయ్యతోను, కాగితముతోను, పట్టుతోను చేయించుట ఆరంభమయ్యెను. నిజమైన కోటలో 600 అడుగుల పొడవు నమూనాలో ఒక్క అడుగు. ప్రతి ఇల్లు, ప్రతి చెట్టు, ప్రతి అగడ్త అందు కనబడును. వానిని చూచి రాజధానిలో కూర్చుండియే ముట్టడులను గూర్చి యోచింపవచ్చును. అందువలననే వానిని లూవ్ర్ రాజభవనమున భద్రముగా దాచి, కొలదిమందికి మాత్రమే చూపెడివారు. 1777లో అవి పారిస్ నగరమందలి ఆన్వలీద్ అను భవనమునకు చేరినవి. నాటి రాజరహస్యములు నేడు అచ్చటి ప్రదర్శనశాలలో బాలురు సైతము చూడదగిన వస్తువులైనవి.

కోట నొక్క చూపులో చూడగోరుట ఫ్రాన్సు రాజులకే కలిగిన కోరిక కాదు. ఓరుగల్లు చరిత్రలోను దానికి తార్కాణము కలదు. ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ 1310లో ఓరుగల్లును ముట్టడించెను. ఆ దండయాత్రను అమీర్ ఖుస్రో అను పారసీక భాషా కవి గ్రంథస్థము చేసెను. కాఫూర్ ఆ ప్రాంతమునకు రాగానే గావించిన మొదటి పనులలో హనుమకొండ గుట్టను పట్టుకొనుట యొకటి. ఆ గుట్టపైనుండి ఓరుగల్లు భవనములు, తోటలు కన్నులకు కట్టినట్లుండును. అతనికి రాగిరేకుపై పటము లేదు; కొండయే పటమయ్యెను.

అతడు చూచిన కోట యెట్టిది? కాకతీయ గణపతిదేవుడు 1199 మొదలు 1262 వరకు రాజ్యమేలెను. అతని కాలమున హనుమకొండనుండి రాజధాని ఓరుగల్లునకు మారెను. రాతికోట నిర్మాణము సాగెను. అతని కుమార్తె రుద్రమదేవి గోడను మఱింత ఎత్తు చేయించెను. లోపలి రాతి ప్రాకారము గుండ్రముగా నుండి, ఇంచుమించు 1.2 కిలోమీటర్ల అడ్డుకొలత గలిగియున్నది. పెద్ద రాళ్లను సున్నము లేకయే ఒకదానిపై నొకటి పొందుపఱచి దానిని కట్టిరి. 45 చదరపు బురుజులు దానినుండి ముందునకు వచ్చియున్నవి. గోడ లోపలివైపున మట్టిని వాలుగా పోసి, సైనికులు త్వరగా పైకెక్కుటకు రాతిమెట్లు పేర్చిరి. నాలుగు దిక్కులందును నాలుగు ద్వారములు కలవు. ఆ ద్వారములలో త్రోవ తిన్నగా పోదు, మలుపులు తిరుగును. వేగముగా వచ్చు ఏనుగునైనను, గుఱ్ఱపు దళమునైనను ఆ మలుపు ఆపివేయును. ఆగినవానిపై గోడమీదినుండి బాణములు కురియును.

రాతి ప్రాకారమునకు వెలుపల అగడ్త; దానికి ఆవల మట్టి ప్రాకారము. దీని అడ్డుకొలత ఇంచుమించు 2.4 కిలోమీటర్లు. దీనిచుట్టును అగడ్త కలదు. అన్నిటికంటె వెలుపలి మట్టికట్ట సుమారు 12 కిలోమీటర్ల అడ్డుకొలతతో హనుమకొండను సైతము తనలో నిముడ్చుకొని యుండెను. కోట నడుమ స్వయంభూ శివుని ఆలయము. ఆలయమునకు నాలుగు దిక్కుల నాలుగు రాతి తోరణములు. ఆలయము శిథిలమైనను తోరణములు నిలిచినవి. తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడినపుడు ఆ తోరణము రాష్ట్రచిహ్నమున చోటు గాంచెను.

ముట్టడి వేళ కాఫూర్ సేనలు పెద్ద యంత్రములతో రాతిగుండ్లను విసరినవి. ఆ మట్టిగోడ ఉక్కు ఈటెకు సైతము లొంగనంత గట్టిదనియు, దానికి తగిలిన గుండ్లు బంతులవలె వెనుకకు ఎగిరినవనియు అమీర్ ఖుస్రో వర్ణించెను. కవి గనుక కొంత పెంచి చెప్పియుండవచ్చును. కాని శత్రుపక్షపు కవియే ఓరుగల్లు మట్టిని మెచ్చుకొనుట గమనింపదగినది. ఫిరంగి దెబ్బలు తిన్న పిమ్మట ఐరోపా ఇంజనీరులు నేర్చిన పాఠమును, రాతిగుండ్ల కాలముననే కాకతీయుల నాటి కూలీలు తమ తట్టలతో మోసిన మట్టిలో నిలిపిరి. రాయి గర్వముగా నిలుచును; మట్టి ఓర్పుతో నిలుచును. ఫ్రాన్సు పటములలోని నక్షత్రపు కోటలు, ఓరుగల్లులోని మట్టికట్టలు ఈ యొక్క విషయమున ఒకే మాట చెప్పుచున్నవి.

ఎంత గట్టి గోడయైనను నగరమును కలకాలము కాపాడలేదు. 1310లో మట్టి ప్రాకారము శత్రువుల వశము కాగా, రాతికోటలో నున్న ప్రతాపరుద్రుడు సంధికి ఒడంబడి, కప్పము చెల్లించెను. తరువాత ఉలుగ్‌ఖాన్ సేనలు వచ్చినవి. మొదటి ముట్టడి విఫలమయ్యెను. 1323లో రెండవ ముట్టడియందు కోట లొంగిపోయెను. ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి పోవుచు త్రోవలోనే మరణించెను. ఓరుగల్లునకు సుల్తాన్‌పూర్ అని క్రొత్త పేరు పెట్టబడెను. ఆ పేరు నిలువలేదు; ఊరి పాత పేరే నిలిచినది.

ఆ మహానగరము తన వైభవకాలమున ఎట్లుండెనో చూపు పటము లేదు. మాటలతో గీసిన చిత్రము మాత్రము కలదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామము అను కావ్యమున గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు అను ఇద్దరు మిత్రులు ఒక దినమున ఓరుగల్లు వీథులలో తిరుగుదురు. వారివెంట పాఠకుడును తిరిగి, అంగళ్లను, ఆటలను, పాటలను, పూటకూటి యిండ్లను చూచును. మేరియన్ ఉలితో గావించిన పనిని తెలుగు కవి గంటముతో గావించెను. కాని పద్యమునుండి వీథి పొడవును కొలువలేము. ఏ మలుపున ఏ ఇల్లుండెనో గుర్తింపలేము. కావ్యము నగరపు ఊపిరిని దాచినది. ఎముకలను దాచుట పటమునకే సాధ్యము.

తెలుగుదేశపు తీరమున ఒక నగరమునకు మాత్రము ఆ భాగ్యము కొంత దక్కినది. ఫిలిప్ బాల్డియస్ అను డచ్చి మతాచార్యుడు 1672లో ఆమ్‌స్టర్‌డాం నగరమున ప్రకటించిన గ్రంథమున మచిలీపట్నపు చిత్రము రాగిరేకునుండి అచ్చయినది. ఓడలు, వర్తకులు ఎచ్చటికి పోయిరో అచ్చటికే ఉలి చూపును పోయినది. లోతట్టు నున్న ఓరుగల్లు అప్పటికి రాజధానియు కాదు, రేవును కాదు. ఏ శిల్పియు దానికై రేకును సానబట్టలేదు.

పటము విలువను చక్కగా చూపునది పుదుచ్చేరి కథ. ఫ్రెంచివారు అచ్చట వోబాన్ కట్టించిన తూర్నే దుర్గమును మాదిరిగా గొని, అయిదు మూలల కోటను నిర్మించి, 1706లో పూర్తి చేసిరి. ఫ్రాన్సు పటములలోని నక్షత్రము ఈ విధముగా కోరమండల తీరమున వెలసెను. యానామునందును, మచిలీపట్నమునందును వర్తకము సాగించిన ఫ్రెంచివారికి ఆ కోటయే ముఖ్యస్థానము. 1761 జనవరిలో ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకొని, కోటను పునాదులవరకు పడగొట్టిరి. నేడు ఆ తావున నిలిచి చూచినవానికి కోట జాడ కనబడదు. కాని 18వ శతాబ్దిలో అచ్చయిన పటములలో దాని అయిదు మూలలు, అగడ్తలు ఉన్నవి ఉన్నట్లే కనబడును. గోడలు 55 సంవత్సరములు నిలిచినవి. కాగితము రెండున్నర శతాబ్దులు దాటి నిలిచినది.

ఫ్రాన్సునందును అట్లే జరిగినది. 1670లో పదునాలుగవ లూయీ రాజు పారిస్ నగరపు పాత గోడలను తీయించి, వాని తావున చెట్లు గల వెడల్పైన బాటలు వేయించెను. ఆ బాటలకు బులెవార్డులు అను పేరు వచ్చినది. ఆ మాటకు మొదటి అర్థము బురుజు. గోడ పోయినది, పేరు మిగిలినది. తరువాతి కాలమున మఱి పెక్కు పట్టణములు తమ గోడలను తీసివేసికొన్నవి. దక్షిణ ఫ్రాన్సునందలి కర్కసోన్ కోటకు రెండు ప్రాకారములు, 52 బురుజులు కలవు. 19వ శతాబ్ది నడుమ ప్రభుత్వము దానిని సైతము పడగొట్టదలచినపుడు ఊరివారును, పండితులును అడ్డుపడిరి. వియొలె ల ద్యుక్ అను వాస్తుశిల్పి 1853లో దానిని బాగుచేయ నారంభించెను. అతడు వేయించిన కొన్ని కప్పులు పూర్వరూపమునకు సరిపడవని తరువాతి పండితులు తప్పుపట్టిరి. అయినను కోట నిలిచినది. 1997లో ప్రపంచ వారసత్వ స్థలమయ్యెను.

ఓరుగల్లు రాతికోట కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్నది. తోరణముల చెంతకు యాత్రికులు వచ్చెదరు. మట్టి ప్రాకారమునకు మాత్రము అంతటి చూపఱులు లేరు. రాయిపై శిల్పము గలదు గనుక అందఱును దానిని కోట యందురు. మట్టిని చూచినవారు గట్టు అందురు. వానకు కొంత, బాటలకు కొంత, ఇండ్లకు కొంతగా మట్టికట్టలు తఱుగుచుండును. ఉపగ్రహములు తీసిన చిత్రములలో లోపలి ప్రాకారముల వలయములు నేటికిని స్పష్టముగా కానవచ్చును. నేలపై నిలిచినవానికి అది గట్టు. ఆకాశమునుండి చూచువానికి అది గణపతిదేవుని, రుద్రమదేవి కాలపు రాజధాని.

ఆకాశమునకు ఎగురకయే ఆ రూపమును కాగితముపై చూడవచ్చును. 100 మీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున కొలత పెట్టుకొని, వృత్తలేఖినితో 12 సెంటీమీటర్ల అడ్డుకొలత గల వృత్తము గీసినచో అది రాతి ప్రాకారమగును. దానిపై 8 డిగ్రీల కొక గుర్తు పెట్టినచో 45 బురుజులు వచ్చును. సమముగా పంచినచో బురుజునకు బురుజునకు నడుమ సుమారు 84 మీటర్ల దూరము పడును. ఒక బురుజునుండి విడిచిన బాణము ప్రక్క బురుజువరకు కాపుగాయుటకు ఆ దూరము తగినదని అప్పుడు తెలియును. 24 సెంటీమీటర్ల వృత్తము మట్టి ప్రాకారము. మూడవ కట్టను గీయబోవు విద్యార్థికి నోటుపుస్తకము చాలదు. దాని అడ్డుకొలత 120 సెంటీమీటర్లు. తరగతిగది నేలపై సుద్దముక్కతో గీయవలసినదే. ఆ నేలపై వంగి మూడవ వృత్తమును గీసినవానికి, ఆ కట్టను తట్టలతో మోసి పోసినవారి శ్రమ ఎంతటిదో గురువు చెప్పకయే బోధపడును.

ఒకప్పుడు పటము కోటకు శత్రువు. అందుచేతనే రాజులు దానిని దాచిరి. ముట్టడుల కాలము గతించినది. కోటలపై ఫిరంగులు ప్రయోగించువారు నేడు లేరు; మఱపు ఒక్కటే వానిని ముట్టడించుచున్నది. ఆ ముట్టడికి ఎదురు నిలుచునది పటమే. ఫ్రాన్సు నగరములకు మూడు నూర్లు, నాలుగు నూర్ల యేండ్లకు ముందే శిల్పులు ఆ పని గావించిపోయిరి. ఓరుగల్లునకు ఆ పని యింకను మిగిలియున్నది. దానికి రాగిరేకు అక్కఱలేదు. కొలత త్రాడు, దిక్సూచి, కాగితము చాలును. గట్టు అని పిలువబడుచున్నదానిని కోట అని గుర్తించు కన్ను ముందుగా కావలెను.